దగ్గరిదారిగా మారిన కాలనీ వీధి: బండ్ల వేగం తగ్గించే పనిపై కేస్ స్టడీ

రెండు మెయిన్ రోడ్లను కలిపే కాలనీ వీధి. పొడవు 420 మీటర్లు, మలుపు లేకుండా తిన్నగా ఉంటుంది. తారు వెడల్పు 7.5 మీటర్లు, రెండు వైపులా 1.5 మీటర్ల ఫుట్‌పాత్. ఒక చివర నుంచి 145 మీటర్ల దగ్గర ఒక పక్క వీధి వచ్చి కలుస్తుంది. 310 మీటర్ల దగ్గర పార్కు గేటు. బండ్లు ఎవరికి తోచిన వైపు వాళ్లు ఆపుకుంటారు. మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ పడితే చాలు, దాన్ని తప్పించుకోవాలనుకునేవాళ్లు ఈ వీధిలోకి తిరుగుతారు. ఇలాంటి వీధి ఎక్కడైనా ఉంటుంది. ఈ కేసుకి మామూలు వీధి కొలతల్నే నమూనాగా తీసుకున్నాం. అంకెలు మారినా లెక్క కట్టే పద్ధతి ఇదే.

కాలనీవాళ్ల ఫిర్యాదు ఒక్క మాటలో: బండ్లు దూసుకుపోతున్నాయి, స్పీడ్ బ్రేకర్ వేయించండి. ఫిర్యాదు నిజమే, అడిగిన మందు మాత్రం సరైంది కాదు. ఒక్క బ్రేకర్ తన చుట్టూ ఇరవై ముప్పై మీటర్ల వరకే పని చేస్తుంది. దాన్ని దాటిన డ్రైవరు పోయిన టైమును రాబట్టుకోవడానికి మిగతా వీధిలో ఇంకా గట్టిగా తొక్కుతాడు. వేగం వీధి ఆకారం నుంచి పుడుతుంది. తిన్నగా, వెడల్పుగా, నోరు తెరుచుకున్నట్టున్న వీధి డ్రైవరుకి వేగంగా పొమ్మనే చెబుతుంది, పక్కన ఏ బోర్డు పెట్టినా సరే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర మొదలైన వోనెర్ఫ్ పద్ధతి పట్టుకున్న విషయం ఇదే: తిన్నని దారిని వంకర చేయడం, చెట్లూ పార్కింగూ రోడ్డులోకి తేవడం, నడిచేవాళ్లకి వీధి వెడల్పంతా ఇవ్వడం. 1976లో అక్కడి ప్రభుత్వం దాన్ని చట్టంలో చేర్చింది. బోర్డు చెప్పేదీ రోడ్డు చెప్పేదీ ఒకటే అయింది.

ఎంత వేగం దగ్గర ఆగాలి

ఇలాంటి వీధికి లక్ష్యంగా పెట్టుకునే గంటకి 30 కి.మీ. అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. ప్రమాదం కనిపించాక కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి సెకనుకీ వేగం 7 మీ./సె. చొప్పున పడుతుందనుకుందాం. 30లో వస్తున్న బండి ఆ మొదటి సెకనులో 8.3 మీటర్లు, బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లు పోయి, మొత్తం 13.3 మీటర్లలో ఆగుతుంది. 50లో వస్తున్న బండి ఆ ఒక్క సెకనులోనే 13.9 మీటర్లు పోతుంది. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో బండి ఇంకా బ్రేకు పడకుండానే, అదే 50లో వచ్చేస్తుంది. “ఇరవై కిలోమీటర్ల తేడాకి ఇంత గొడవెందుకు” అని మీటింగులో ఎవరైనా అడిగితే ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించడమే సరైన జవాబు.

ముందు కొలవాలి

ఫిర్యాదును అంకెల్లోకి మార్చకపోతే మున్సిపాలిటీ ఇంజనీరు దగ్గర మాట నిలవదు. పైగా తర్వాత ఏం మారిందో ఎవరికీ తెలియదు. రాడార్ గన్ అక్కర్లేదు, ఫోను చాలు.

రోడ్డు మీద 30 మీటర్లు టేపుతో కొలిచి, రెండు చివర్లా అడ్డంగా సుద్దగీతలు గీయాలి. పై అంతస్తు కిటికీలోంచో మేడ మీంచో రెండు గీతలూ ఒకే ఫ్రేములో కనిపించేలా ఫోను బిగించి, సెకనుకి 30 ఫ్రేముల దగ్గర లాక్ చేసి వీడియో తీయాలి. ముందు చక్రం మొదటి గీత తాకిన ఫ్రేము నుంచి రెండో గీత తాకిన ఫ్రేము వరకు లెక్కపెట్టి, 3240ని ఆ సంఖ్యతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 108 ఫ్రేములైతే 30 కి.మీ., 81 అయితే 40, 65 అయితే దాదాపు 50. ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా తేడా కిలోమీటరు లోపే. ఇదే 30 మీటర్లను చేతి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే, నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చినా 40లో పోయిన బండి 37గానో 43గానో నమోదవుతుంది. చీకటి పడుతుంటే కొన్ని ఫోన్లు వాటంతటవే ఫ్రేముల వేగం తగ్గించేస్తాయి. అందుకే లాక్ చేయడం తప్పనిసరి. పని అయ్యాక వీడియో చెరిపేయాలి. అందులో మనుషులూ నంబర్లూ ఉంటాయి.

అన్ని బండ్లనూ కలపకూడదు. ముందున్న బండి వెనక నెమ్మదిగా వచ్చేది తన సొంత వేగంతో పోవడం లేదు. ముందు బండికీ తనకీ కనీసం 5 సెకన్ల ఎడం ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. అలాంటివి వంద దొరికితే తక్కువ వేగం నుంచి ఎక్కువకి వరసగా పేర్చి, 85వ బండి వేగం రాసుకోవాలి. ఇంజనీర్లు వాడే అంకె అదే. సగటు చెబితే ఎవరూ భయపడరు, అత్యధిక వేగం చెబితే ఎవరూ నమ్మరు. 85వది దారిలో పోయేవాళ్ల అలవాటును చూపిస్తుంది. మెరిసే జాకెట్లు వేసుకుని రోడ్డు పక్కన నిలబడితే మాత్రం ఆ రోజు అందరూ బుద్ధిగా పోతారు, కొలత వృథా.

ఈ వీధిలో రెండు చోట్ల కొలవాలి: 90 నుంచి 120 మీటర్ల మధ్య, 255 నుంచి 285 మీటర్ల మధ్య. తర్వాత పెట్టబోయే అడ్డంకులకి దాదాపు నడిమధ్యన ఇవి పడతాయి. బ్రేకర్ పక్కనే కొలిచి “వేగం తగ్గింది” అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఆ గీతల స్థానాలు ఫుట్‌పాత్ అంచు మీద పెయింటుతో గుర్తు పెట్టాలి, మళ్లీ అక్కడే కొలవాలి కాబట్టి.

రెండో సర్వే నంబర్ ప్లేట్లది. నా అంచనాలో దీని విలువే ఎక్కువ, చేసేవాళ్లు మాత్రం తక్కువ. వీధి రెండు చివర్లా ఇద్దరిద్దరు కూర్చుని, రద్దీ గంటలో వచ్చిపోయే ప్రతి బండి నంబరులో చివరి నాలుగు అంకెలూ టైమూ రాసుకోవాలి. గడియారాలు ముందే సరిచూసుకోవాలి. 420 మీటర్లు 30 కి.మీ. వేగంతో 50 సెకన్లు, 20తో 76 సెకన్లు. ఒక చివర కనిపించిన నంబరు రెండు నిమిషాల్లోపు రెండో చివర కనిపిస్తే అది దారిన పోయే బండి. మిగిలినవి కాలనీకి పని మీద వచ్చినవి, లేదా కాలనీవాళ్లవే. వేగం అంకెనూ దారిన పోయే బండ్ల వాటానూ కలిపి చూస్తే ఏ మందు వాడాలో తేలుతుంది. సగానికి పైగా దారిన పోయేవే అయితే వేగం కన్నా రద్దీ అసలు సమస్య, దానికి దారి మూయడం లాంటి మందు కావాలి. వేగంగా పోయేవాళ్లలో ఎక్కువమంది కాలనీవాళ్లే అని తేలడమూ అరుదేం కాదు. అప్పుడు మీటింగులో మాట తీరే మారిపోతుంది.

పక్కన సమాంతరంగా ఉన్న వీధిలోనూ అదే రోజుల్లో బండ్లు లెక్కపెట్టి ఉంచాలి. ఇక్కడ అడ్డు పడితే రద్దీ పోయేది అక్కడికే. ముందు లెక్క లేకపోతే తర్వాత “మా వీధి మీదికి తోసేశారు” అన్న మాటకి మన దగ్గర జవాబుండదు.

ఎవరితో మాట్లాడాలి

మీటింగుకి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఆ పదిమందే. అందుకే ఇంటింటికీ వెళ్లాలి. అద్దెకున్నవాళ్లు, రాత్రి షిఫ్టువాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు, బండి నడిపి బతికేవాళ్లు తప్పకుండా కలవాల్సినవాళ్లు. “బ్రేకర్ కావాలా” అని అడగకూడదు. వీధి పటం చేతికిచ్చి “ఎక్కడ దాటాలంటే భయం? ఏ టైములో?” అని అడిగి, వాళ్లచేతే చుక్క పెట్టించాలి. ఆ చుక్కలు ఒకచోట కుప్పపడతాయి. ఈ వీధిలో అయితే పార్కు గేటు ముందు, పక్క వీధి కలిసే చోట, మెయిన్ రోడ్లతో కలిసే రెండు నోళ్ల దగ్గర. డిజైన్ సగం అక్కడే తయారవుతుంది.

ఇక అధికారుల వైపు. రోడ్డు మున్సిపాలిటీది. అనుమతి లేకుండా రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టుకున్న బ్రేకర్ మీద ఎవరైనా పడితే, కట్టించినవాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది. రంగూ బోర్డూ లేని ఆ దిబ్బ చీకట్లో కనపడదు కూడా. కొలవడం, ఒప్పించడం, రంగులు వేయడం, రోడ్డు మీద పెట్టే మొక్కల తొట్ల బాగోగులు చూడడం కాలనీ చేయగలిగినవి. చట్టబద్ధమైన బోర్డులు, రోడ్డు ఎత్తు మార్చే పని, డ్రైనేజీ మున్సిపాలిటీవి. ఈ పంపకం మొదటి ఉత్తరంలోనే రాస్తే ఫైలు కదలడం తేలికవుతుంది.

ఫైర్ స్టేషనుకి పటం పంపి అభిప్రాయం అడిగితే చాలదు. ఒక ఆదివారం పొద్దున రోడ్డు మీద కోన్లు పేర్చి, అసలు ఫైరింజనునే నడిపించమని కోరాలి. చెత్త లారీని కూడా. కాగితం మీద పట్టిన మలుపు కోన్ల మధ్య పట్టకపోవడం అక్కడే కనిపిస్తుంది. ఫైరింజనుకి హంపుల (రోడ్డుకి అడ్డంగా వేసే పొడవాటి గుండ్రటి దిబ్బల) వల్ల ఆలస్యం నిజమే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1990ల మధ్య చేసిన పరీక్షల్లో బండి రకాన్నీ వేగాన్నీ బట్టి ఒక్కో అడ్డంకి దగ్గర సెకను లోపు నుంచి పది సెకన్ల దాకా ఆలస్యం తేలింది. మూడు హంపులంటే అరనిమిషం దాకా పోవచ్చు. ఈ సంగతి దాచకుండా ముందే చెప్పి, వాళ్లు రోజూ వాడే దారి ఇదేనా అని అడగాలి. అదే అయితే హంపుల బదులు కుషన్లు పెట్టొచ్చు: రోడ్డు వెడల్పంతా కాకుండా 1.6, 1.7 మీటర్ల వెడల్పున్న దిబ్బలు. కారు చక్రం వాటిని ఎక్కక తప్పదు, పెద్ద బండి రెండు చక్రాల మధ్య నుంచి అవి జారిపోతాయి. ఒక లోపం ఉంది: ద్విచక్ర వాహనాలు కుషన్ల సందులోంచి వేగం తగ్గకుండా పోతాయి. అవే ఎక్కువ తిరిగే వీధికి కుషన్లు దండగ.

ఏం పెట్టాలి, ఎక్కడ

దారి మధ్యలో మూసేసి, నడిచేవాళ్లనీ సైకిళ్లనీ మాత్రమే వదిలే ఫిల్టర్ అన్నిటికన్నా బలమైన మందు. ఈ వీధికి అది కుదరదు. మధ్యలో మూస్తే రెండు గుడ్డి సందులు అవుతాయి, 7.5 మీటర్ల వెడల్పులో చెత్త లారీ ఒక్క తిప్పులో వెనక్కి తిరగలేదు. పైగా పక్క వీధివాళ్లకి ఇదొక్కటే దారి. అందుకని వీధి పొడవునా వేగం తగ్గించే దారి ఎంచుకోవాలి.

అడ్డంకుల మధ్య ఎడం ఎంత ఉండాలో లెక్క తేలుస్తుంది. హంపు దగ్గర 25 కి.మీ. వేగంతో దాటిన డ్రైవరు సగం దూరం వేగం పెంచి, సగం దూరం తగ్గిస్తాడనుకుందాం, వేగంలో మార్పు ప్రతి సెకనుకీ 1 మీ./సె. చొప్పున. హంపుల మధ్య 150 మీటర్లుంటే నడిమధ్యలో 51 కి.మీ. అందుకుంటాడు. 80 మీటర్లుంటే 41. 60 మీటర్లుంటే 37. ఇది ఆత్రంగా తొక్కేవాడి లెక్క. తర్వాతి హంపు కళ్లెదుట కనిపిస్తుంటే మామూలు డ్రైవరు అంత తొక్కడు. 80 మీటర్లు దాటనివ్వకపోవడం మంచిది, తప్పనిసరైతే 85. ఈ వీధికి ఏర్పాటు ఇలా వస్తుంది: రెండు నోళ్ల దగ్గర మూలలు బిగించడం (బండ్లు తిరిగే వంపును చిన్నది చేయడం), 60, 230, 375 మీటర్ల దగ్గర హంపులు, 145 దగ్గర పక్క వీధి కూడలి మూలలు బిగించడం, 310 దగ్గర పార్కు గేటు ముందు ఎత్తైన దాటే వేదిక. నోటి నుంచి మొదటి హంపు 45 నుంచి 60 మీటర్ల లోపే ఉండాలి, బండి అప్పటికింకా వేగం అందుకోదు.

వీటికి తోడు పెద్దగా ఖర్చు లేని మందు ఒకటుంది: పార్కింగును అటూ ఇటూ మార్చడం. 145 వరకు ఒక వైపు, అక్కడి నుంచి రెండో వైపు 2 మీటర్ల వెడల్పులో గీతలు గీస్తే, మిగిలే 5.5 మీటర్ల దారి మధ్యలో ఒక వంక తిరుగుతుంది. తిన్నగా చివరిదాకా కనిపించే చూపు తెగిపోతుంది. పగలు బండ్లు లేనప్పుడు ఈ వంక మాయమవుతుంది కాబట్టి ప్రతి పార్కింగు వరస మొదట్లో, చివర్లో ఒక తొట్టి పెట్టాలి.

మూల బిగించడం ఎందుకంటే, 9 మీటర్ల వ్యాసార్ధంతో విశాలంగా తిరిగే మూల దగ్గర మెయిన్ రోడ్డు వేగం అలాగే లోపలికి వచ్చేస్తుంది. దాన్ని 4 మీటర్లకి తెస్తే డ్రైవరు బాగా తగ్గించి తిరగాలి. దాటేవాళ్లు నడవాల్సిన దూరమూ తగ్గుతుంది. పెద్ద లారీ తిరిగేటప్పుడు ఎదుటి వైపు కొంచెం ఆక్రమిస్తుంది. రోజుకి ఒకటి రెండు లారీలొచ్చే వీధిలో అది సర్దుకోదగినదే.

ట్రయల్

పటం చూసి ఓటు వేయమంటే జనం తమ భయానికి ఓటు వేస్తారు. రోడ్డు మీద పెట్టి చూపించాక వేసే ఓటు వేరు. బార్సిలోనాలోని పొబ్లెనౌలో 2016లో సూపర్‌బ్లాక్‌ను (కొన్ని వీధుల్ని కలిపి లోపలి దారుల్లో బండ్లను కట్టడి చేసే పద్ధతిని) హఠాత్తుగా అమలు చేసినప్పుడు స్థానికుల నుంచే గట్టి వ్యతిరేకత వచ్చింది. బెంచీలూ ఆట స్థలాలూ వచ్చాక పరిస్థితి మారింది. ఖాళీ రోడ్డును మూసి ఊరుకుంటే జనానికి అసౌకర్యమొక్కటే కనిపిస్తుంది. అంతకన్నా మెత్తని మొదటి అడుగు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 2009లో ఇద్దరు తల్లులు మొదలుపెట్టిన పద్ధతి: అనుమతితో వీధిని రెండు మూడు గంటలు ఆటకి వదలడం. రెండు చివర్లా జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు నిలబడి, కాలనీవాళ్ల బండి వస్తే పిల్లల్ని పక్కకి పిలిచి, నడక వేగంతో లోపలికి తీసుకెళతారు. ఆ రెండు గంటల తర్వాత ట్రయల్‌కి సంతకాలు తేలిగ్గా దొరుకుతాయి.

ట్రయల్ సామాను లెక్క ఇది. మూలను 9 మీటర్ల నుంచి 4కి తెస్తే ఒక్కో చోట దాదాపు 14 చదరపు మీటర్ల తారు మిగులుతుంది. నోళ్ల దగ్గర అలాంటి మూలలు నాలుగు, 56 చదరపు మీటర్లు. పక్క వీధి మూలలు రెండూ 6 నుంచి 3కి తెస్తే ఒక్కోటి 6 లోపు. మొత్తం 68 చదరపు మీటర్లు. గరుకు తారు మీద లీటరు రోడ్డు పెయింటు ఒక పూతకి 4 చదరపు మీటర్లకి మించి రాదు. రెండు పూతలకి 34 లీటర్లు, మిగులుకి ఇంకో నాలుగు. వంగే ప్లాస్టిక్ పోస్టులు మూల వంపు వెంట 1.2 మీటర్లకి ఒకటి: పెద్ద మూలకి 6, చిన్న మూలకి 5, పార్కు ముందు తొట్లతో చేసే ఇరుకు దగ్గర 10. మొత్తం 44. పదో పన్నెండో అదనంగా తెచ్చి పెట్టుకోవాలి, మొదటి వారంలోనే కావాల్సి వస్తాయి. హంపులకి బోల్టులతో బిగించే రబ్బరు ముక్కలు దొరుకుతాయి. కొనేటప్పుడు పొడవు చూడాలి. అరమీటరు కూడా లేని పొట్టి ముక్కలే ఎక్కువ అమ్ముతారు, అవి మనకి పనికిరావు. కారణం తర్వాత చెబుతాను.

పార్కు గేటు ముందు ట్రయల్‌లో వేదిక కట్టలేం. రెండు వైపులా తొట్లు పెట్టి దారిని 3.5 మీటర్లకి తెచ్చి, ఒక్కసారి ఒక్క బండే పోయేలా చేయాలి. ఫైరింజనుకి ఆ 3.5 అడ్డు లేకుండా ఉండాలి. తొట్టి 1.2 మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉంటే మట్టితో 400 కిలోలు దాటుతుంది, చేత్తో జరపలేరు. అందుకే చోటు ఖరారయ్యాకే మట్టి నింపాలి. మొక్కతో కలిపి ఎత్తు 75 సెం.మీ. మించకూడదు. తొట్టి వెనక నుంచి వచ్చే చిన్న పిల్ల డ్రైవరుకి కనపడాలి. తొట్టి కింద ఇటుకలు పెట్టి 5 సెం.మీ. సందు వదిలితే వాన నీరు ఆగదు. బండ్ల వైపు మూలలకి రిఫ్లెక్టరు టేపు అంటించాలి.

పెయింటు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తడిసిన పెయింటు మీద ద్విచక్ర వాహనం జారుతుంది. రెండో పూత తడిగా ఉండగానే దాని మీద సన్నని సిలికా ఇసుక సమంగా చల్లి, ఆరాక వదులుగా ఉన్నది ఊడ్చేయాలి. బండ్లు ఒరిగి తిరిగే గీత మీద నునుపైన రంగు ఎక్కడా ఉండకూడదు. పని మొదలుపెట్టేముందు రోడ్డును బ్రష్‌తో రుద్ది కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము మీద వేసిన రంగు మొదటి వానకే పెచ్చులూడుతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది

పోస్టులు విరుగుతాయి. విరిగిన ప్రతిదాన్నీ పటంలో గుర్తు పెట్టాలి. వేర్వేరు చోట్ల ఒక్కోటి విరిగితే అది అల్లరి. ఒకే మూలలో రెండోదీ మూడోదీ వరసగా విరుగుతుంటే పెద్ద బండికి అక్కడ చోటు చాలట్లేదు, తప్పు డిజైనుది. టైరు మచ్చలు చూసి ఆ పోస్టును అర మీటరు వెనక్కి జరపాలి. పక్కాగా రాయి అంచు కట్టాక ఈ సంగతి తెలిస్తే సరిదిద్దడం ఖరీదైన పని.

ఇరుకు ఒక్కటే పని చేయకపోవచ్చు. ఎదురు బండి ఉన్నప్పుడే ఎవరైనా ఆగుతారు. ఖాళీగా ఉంటే మధ్య సందులోంచి అదే వేగంతో పోతారు, ఒక్కోసారి ఎదుటివాడికన్నా ముందు దూరాలని పెంచుతారు కూడా. అందుకే చివరికి అక్కడ వేదిక కట్టాల్సిందే. ట్రయల్‌లో ఇరుకు దగ్గర వేగం తగ్గకపోతే జనం నిరాశ పడకుండా ఈ కారణం ముందే చెప్పాలి.

ద్విచక్ర వాహనాలు హంపు పక్కనుంచి ఫుట్‌పాత్ ఎక్కి పోతాయి. నీటి కోసం అంచున 30 సెం.మీ. సందు వదిలితే అది వాళ్లకి దారవుతుంది. సందు 15 నుంచి 20 సెం.మీ. చాలు, హంపుకి ఎదురుగా ఫుట్‌పాత్ అంచున రెండు బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) పాతాలి. వాటి మధ్య చక్రాల కుర్చీ పట్టేలా కనీసం 90 సెం.మీ. ఉండాలి.

మోత ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. ఖాళీ లారీ హంపు ఎక్కి దిగేటప్పుడు చేసే చప్పుడు పడకగది కిటికీ దాకా వినిపిస్తుంది. హంపును ఏ ఇంటి ముందూ కాకుండా రెండు ఇళ్ల ఉమ్మడి ప్రహరీకి ఎదురుగా పెట్టాలి. గేటుకి ఎదురుగా, మ్యాన్‌హోల్ మీద, నీటి వాల్వు మీద పెట్టకూడదు. చెప్పిన కొలత నుంచి ఐదు మీటర్లు అటో ఇటో జరిగినా నష్టం లేదు. ఆ ఇళ్లవాళ్ల రాతపూర్వక అంగీకారం విడిగా తీసుకోవాలి, కాలనీ మొత్తం సంతకాలు దానికి బదులు కావు.

మొదటి వారం కొలతను నమ్మకూడదు. కొత్తది చూసి అందరూ తగ్గిస్తారు. అలవాటు పడ్డాక కొంత వేగం తిరిగి వస్తుంది. మూడో వారం తర్వాత ఒకసారి, ఎనిమిదో వారంలో ఒకసారి, అవే గీతల మధ్య, వారంలో అదే రోజు, అదే గంట, వాన లేనప్పుడు కొలవాలి. పాస్ మార్కు ఎంతో ట్రయల్ మొదలవకముందే కాగితం మీద రాసి అందరి సంతకం తీసుకోవాలి. ఈ వీధికి నేను పెట్టే గీత: నడిమధ్యలో 85వ బండి వేగం 35 లోపు, సమాంతరంగా ఉన్న వీధిలో బండ్ల పెరుగుదల పదో వంతు లోపు. రెండోది తప్పితే ఆ వీధినీ కలుపుకుని మళ్లీ డిజైన్ చేయాలి, మొదటిది బాగున్నా సరే. మన వీధి ప్రమాదాన్ని పక్క వీధి పిల్లల మీదికి నెట్టే హక్కు మనకి లేదు.

పక్కాగా కట్టేటప్పుడు

ఇప్పుడు పొట్టి బ్రేకరు ఎందుకు పనికిరాదో చెప్పాలి. అరమీటరు లోపు పొడవు, పది సెం.మీ. ఎత్తు ఉన్న దిబ్బ మీద నెమ్మదిగా పోయేవాడి నడుము విరుగుతుంది. వేగంగా పోయేవాడి కుదుపును మాత్రం టైరూ సస్పెన్షనూ మింగేస్తాయి. శిక్ష పడేది బుద్ధిగా పోయేవాడికి. 1970ల మొదట్లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో వాట్స్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాల్లోంచి వచ్చిన పొడవాటి గుండ్రటి హంపు దీన్ని తిరగేసింది: పొడవు 3.7 మీటర్లు, పైన చాపంలాంటి వంపు. దీని మీద వేగం పెరిగేకొద్దీ అసౌకర్యం పెరుగుతుంది, నెమ్మదిగా పోతే ఒంటికి తెలియదు. ఎత్తు 100 మి.మీ. దాకా వాడతారు. కాలనీ వీధికి 75 చాలు.

కూలీలు కంటి చూపుతో ఈ వంపు తేలేరు. 3.7 మీటర్ల ప్లైవుడ్ ఫర్మా (వంపు కొలిచే అచ్చు) కోయించి సైటుకి తీసుకెళ్లాలి. నడిమధ్యన ఎత్తు 75 మి.మీ. అక్కడి నుంచి రెండు వైపులా 37 సెం.మీ. దూరంలో 72, 74 సెం.మీ. దగ్గర 63, 111 దగ్గర 48, 148 దగ్గర 27, 185 దగ్గర సున్నా. ఈ అంకెలు కాంట్రాక్టు కాగితంలోనే ఉండాలి. అక్కడ “స్పీడ్ బ్రేకర్ 1” అని మాత్రమే రాసి ఉంటే వచ్చేది పొట్టి దిబ్బే.

హంపు రెండు అంచుల దగ్గర పాత తారును 30 మి.మీ. లోతున, ఒక అడుగు వెడల్పున కోసి గాడి తీయాలి. కొత్త తారు అందులో కరచుకుంటుంది. గాడి లేకుండా పైన పరిచి సున్నాకి చెక్కేసిన అంచు కొన్ని నెలల్లోనే ముక్కలై ఊడిపోతుంది. శుభ్రంగా ఊడ్చి, తారు ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) పలచగా కొట్టి, అది నల్లబడ్డాక వేడి తారు మిశ్రమం రెండు పొరల్లో వేసి, ఒక్కో పొరనూ విడిగా దిమ్మిస చేయాలి. ఒకేసారి పోసి తొక్కితే పైన గట్టిగా ఉండి లోపల గుల్లగా మిగులుతుంది, చక్రాల దారిలో గాళ్లు పడతాయి. 7.1 మీటర్ల వెడల్పు హంపుకి పట్టే మిశ్రమం 1.3 ఘనపు మీటర్లు, బరువులో మూడు టన్నులకి కొంచెం ఎక్కువ. గాడి నింపడానికి ఇంకో అర టన్ను లెక్కేసుకోవాలి. మూడు హంపులకి పది పదకొండు టన్నులు. ఒకే రోజు తెప్పించుకుంటే మిశ్రమం వేడి చల్లారకముందే మూడో హంపు పూర్తయ్యేలా మనుషుల్ని పెట్టుకోవాలి.

ఫర్మా పెట్టి చూసి, 5 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉన్నచోట వేడిగా ఉండగానే సరిచేయించాలి. రంగూ రిఫ్లెక్టర్లూ బోర్డూ పూర్తయ్యేదాకా రోడ్డు తెరవకూడదు. “రంగు రేపు వేస్తాం” అన్న ఆ ఒక్క రాత్రే ప్రమాదాలు జరిగేది. వీధి దీపం వెలుతురు హంపు మీద పడకపోతే హంపునే దీపం దగ్గరికి జరపాలి.

పార్కు ముందు వేదిక ఎత్తు 75 మి.మీ., పైన చదును 6 మీటర్లు, రెండు వైపులా 1:15 వాలు, అంటే ఒక్కోటి 1.1 మీటర్ల పైచిలుకు. ఫుట్‌పాత్ 150 మి.మీ. ఎత్తుంటే వేదికను అంత లేపకూడదు. ఫుట్‌పాత్‌నే 1:12 వాలుతో దించి కలపాలి. చూపు లేనివాళ్లకి ఫుట్‌పాత్ ఎక్కడ అయిపోయి రోడ్డు ఎక్కడ మొదలవుతుందో పాదానికి తెలియాలి. అంచు సమం చేసిన చోట బుడిపెల టైల్సు రెండు వరసలు తప్పనిసరి. డబ్బు తగ్గించమంటే ముందు కొట్టేసేది ఈ టైల్సునే, ఒప్పుకోకూడదు. వేదిక ఫుట్‌పాత్‌ని తాకే చోట వాన నీటి దారి మూసుకుపోతుంది. పై వైపు ఒక జాలీ గుంట పెట్టి, వేదిక కింద నుంచి 150 మి.మీ. పైపు వేసి దిగువకి వదలాలి. గుంటలో ఆకులు పేరుకుంటాయి కాబట్టి జాలీ చేత్తో తీయగలిగేలా ఉండాలి.

మూలల దగ్గర పోస్టులు తీసి రాయి అంచు కట్టేముందు, ట్రయల్ చివర్లో పోస్టులు నిలిచిన చోట్లనే టేపుతో కొలిచి గీత గీయాలి, మొదటి పటం చూసి కాదు. జరిపిన ప్రతి అర మీటరూ అందులోకి రావాలి.

అప్పగించాక మున్సిపాలిటీ దగ్గర ఒకటి, కాలనీ దగ్గర ఒకటి రిజిస్టరు ఉండాలి: గీతల స్థానాలు, ముందూ తర్వాతా కొలతలు, హంపుల ఎత్తులు, ఫర్మా ఎవరి దగ్గరుందో. ఏడాదికోసారి అదే ఫర్మా పెట్టి ఎత్తు చూడాలి. రోడ్డు మీద మళ్లీ తారు పరిచేటప్పుడు హంపు సగం కప్పుకుపోవడం మామూలే. నడిమధ్యన ఎత్తు 60 మి.మీ. కన్నా తగ్గినట్టు తేలితే వేగం మళ్లీ కొలిచి, ఆ అంకెతోనే మరమ్మతుకి ఉత్తరం రాయాలి.